పరంగికొండ ఎర్రమన్ను

ఒరేయ్ చిన్నోడా, ఆ కంది కట్టె కాస్త ఇటు జరుపు. పొగంతా మీ అక్క కళ్ళల్లోకి పోతోంది. పత్తి పుల్లలు ఒక్కసారే గుమ్మరించకు, భగ్గుమని అయిపోతాయి. ఒక్కొక్కటే వెయ్యాలి. నెగడు రాత్రి పదింటిదాకా నిలవాలంటే అదే పద్ధతి.

అమ్మాయ్, ఇందాక అన్నాల దగ్గర నువ్వో మాటన్నావు. మద్రాసులో రోజూ మెట్రో దిగుతుంటే ఎదురుగా ఒక కొండ కనిపిస్తుంది, దాని మీద తెల్లటి చర్చి ఉంది తాతయ్యా, రెండేళ్ళయింది, ఒక్కసారీ ఎక్కలేదు అన్నావు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ముద్ద దిగలేదు నాకు. నీ మీద కోపం కాదు తల్లీ. ఆ కొండ పరంగిమల. మా నాయనమ్మ నడుం వంగిపోయిన వయసులో, కూలి డబ్బులు కొంగున కట్టుకుని, ఈ ఊరి నుంచి అంత దూరం పోయి ఎక్కిన కొండ అది. ఆ రోజు ఆమె వేలు పట్టుకుని ఎక్కినవాణ్ణి నేనే. ఇవాళ చెప్పకపోతే మళ్ళీ నువ్వు సెలవు దొరికి ఎప్పుడు వస్తావో, అప్పటికి నేను ఎట్లా ఉంటానో. కూర్చోండి అందరూ.

మా నాన్న తాపీ మేస్త్రీ అని మీకు తెలుసుగా. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక మిద్దె కడుతూ పరంజా మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది, నడుం పట్టేసింది. ఆరు నెలలు మంచం దిగలేదు. ఆయన తాపీ, మూలమట్టం, తూకపుగుండు గోడకు వేలాడుతుంటే మా అమ్మ వాటివైపు చూడలేక గుడ్డ కప్పింది. అప్పుడు మా నాయనమ్మ మొక్కుకుంది. గుణదల మాతకు కాదు, ఆ గుడి దగ్గరే. ఆమె మొక్కింది యేసు ప్రభువు శిష్యుడు తోమాసు గారికి. "ఆయనా ఇల్లు కట్టేవాడే, మేస్త్రీల కష్టం ఆయనకు తెలుసు" అనేది. ఆయన బొమ్మల్లో చాలావాటికి చేతిలో మూలమట్టం ఉంటుంది, గమనించారా?

ఎందుకుంటుందో చెబుతా. ఇది తోమాసు గారి చర్యలనే పాత పుస్తకంలో ఉన్న కథ. సిరియా దేశపు మాటలో, మూడో శతాబ్దంలో రాశారు. యేసు ప్రభువు పైకి వెళ్ళాక శిష్యులు దేశాలు పంచుకున్నారట. చీట్లు వేస్తే తోమాసుకు హిందూ దేశం వచ్చింది. "నేను పోను, నా ఒంట్లో సత్తువ లేదు, వాళ్ళ మాట నాకు రాదు" అని మొరాయించాడు. అప్పుడు ప్రభువే హబ్బాన్ అనే వర్తకుడికి కనిపించి, వీడు నా బానిస, వడ్రంగం వచ్చు, కొనుక్కుపో అని అమ్మేశాడట! అట్లా తోమాసు ఓడెక్కి గొండఫోరసు అనే రాజు దగ్గర తేలాడు. రాజు ఆయన చేతిలో బోలెడంత డబ్బు పోసి, నాకు మేడ కట్టు అన్నాడు. ఈయన ఆ డబ్బంతా ఊళ్ళ వెంట తిరిగి లేనివాళ్ళకు పంచేశాడు. కొన్నాళ్ళకు రాజు వచ్చి మేడ ఏదయ్యా అంటే, కట్టాను, కానీ నీకు ఇప్పుడు కనబడదు, ఈ బతుకు దాటాక చూస్తావు అన్నాడు. రాజుకు ఒళ్ళు మండి కొట్లో వేయించాడు. ఆ రాత్రే రాజు తమ్ముడు చచ్చిపోయి, పైన ఒక గొప్ప మేడ చూసి, అది ఎవరిదంటే మీ అన్నదన్నారట. మళ్ళీ ప్రాణం వచ్చి లేచి కూర్చుని, అన్నా, ఆ మేడ నాకు అమ్ముతావా అని అడిగాడట. రాజు పరుగెత్తుకుంటూ పోయి తోమాసు సంకెళ్ళు విప్పించాడు.

నవ్వకండి. చాలాకాలం చదువుకున్నవాళ్ళు కూడా ఇది కట్టుకథ, అసలు గొండఫోరసు అనే రాజే లేడు అన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో కాబూలు వైపూ పంజాబు వైపూ మట్టిలోంచి ఆయన పేరున్న నాణేలు బయటపడ్డాయి. తఖ్త్-ఇ-బాహీ అనే చోట శాసనమూ దొరికింది. మొదటి శతాబ్దపు రాజు. అంటే తోమాసు గారి కాలమే. దీంతో కథంతా జరిగినట్టేనని నేను అనను. అయితే ఆ కథ రాసినవాడికి ఎక్కడో దూరదేశపు రాజు పేరు సరిగ్గా తెలుసు. ఎవరో చెప్పకుండా ఎట్లా తెలుస్తుంది?

కేరళ వాళ్ళ చెప్పుకోలు వేరు. తోమాసు గారు క్రీ.శ. 52లో కొడుంగల్లూరు రేవులో దిగారనీ, అక్కడ సంఘాలు పెట్టి, తూర్పు తీరానికి వచ్చి, 72లో మద్రాసు పక్కనున్న ఆ పరంగిమల మీద బల్లెం పోటుకు ప్రాణం వదిలారనీ వాళ్ళ నమ్మకం. అక్కడ ఎన్నో కుటుంబాలు తరతరాలుగా ఆ మాట మీదే నిలబడ్డాయి. చరిత్రకారులు ఇవాళ్టికీ వాదించుకుంటూనే ఉన్నారు. మా నాయనమ్మకు ఆ వాదనలు తెలియవు. ఆమెకు తెలిసిందల్లా కొండ మీద ప్రార్థన చేసుకుంటుంటే వెనక నుంచి పొడిచారని. ఆ మాట చెప్పేటప్పుడు వీపు తడుముకునేది, ఆ పోటు తనకే తగిలినట్టు.

ఆమె మిరప కోతలకు పోయి కూడబెట్టింది. నాన్న కర్ర పట్టుకుని నడిచే రోజొచ్చింది. డిసెంబరు. ఇట్లాగే చలి. ముగ్గురం బయల్దేరాం. తెనాలిలో బండి మారి, రాత్రంతా కూర్చునే ప్రయాణం. తెల్లారేసరికి మద్రాసు సెంట్రల్. రోడ్డు దాటి పార్కు స్టేషన్లో కరెంటు రైలెక్కాం. కరెంటు రైలు నేను చూడటం అదే మొదలు, ఇంజను ఏదీ ఏదీ అని వెతికాను. సైదాపేట దాటి, గిండీ దాటి, పరంగిమల స్టేషన్లో దిగితే ఎదురుగా కొండ.

చెప్పుకోదగ్గ ఎత్తేం కాదది. మూడొందల అడుగులుంటుంది. మన కొండవీడు ముందు పిల్లకొండ. కానీ చుట్టూ బల్లపరుపు నేల, అవతల సముద్రం. అందుకే సముద్రంలో ఎంతో దూరం నుంచి కనిపించేదట. పోర్చుగీసు ఓడలవాళ్ళు ఆ కొండ కంటబడగానే ఒడ్డు చేరామని దణ్ణం పెట్టుకునేవాళ్ళనీ, కొండ మీద రాత్రిళ్ళు మంట వేసి ఉంచేవాళ్ళనీ చెబుతారు. వాళ్ళనే మనవాళ్ళు పరంగులన్నారు, ఫిరంగులన్నారు. కొండకు వాళ్ళ పేరే పడిపోయింది. పదిహేను వందల ఏళ్ళ పాత కథకు నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళ పేరు! ఊళ్ళ పేర్లు అట్లాగే ఉంటాయి.

మెట్ల దగ్గర మా నాన్న ఆగిపోయాడు. కాలు నొప్పేమో అనుకున్నాను. కాదు, మెట్టు రాయి మీద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. "అమ్మా, ఈ మెట్లు కట్టించినవాడు ముసలోళ్ళనీ కుంటోళ్ళనీ తలుచుకుని కట్టించాడే" అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. కట్టించినవాడు ఎవరో అప్పుడు మాకు తెలియదు. తరువాత నేను పంతులుద్యోగంలో చేరాక, గుంటూరు లైబ్రరీలో ఒక్కొక్క పుస్తకమే వెతికి తెలుసుకున్నాను.

ఆయన పేరు పెట్రస్ ఉస్కాన్. ఆర్మేనియా వాడు. పారసీక దేశంలో ఇస్ఫహాన్ పక్కన జుల్ఫా అనే ఆర్మేనియన్ల పేట ఉంది, అక్కడి వాడు. వ్యాపారం మీద మద్రాసు వచ్చాడు, మనీలా దాకా ఓడలు నడిపాడు. ఆ రోజుల్లో కొండకు యాత్రకు పోయేవాళ్ళు సైదాపేట దగ్గర అడయారు దాటాలి. వానాకాలం వస్తే ఏరు పొంగేది, ఎక్కడివాళ్ళక్కడే ఆగిపోయేవాళ్ళు. ఆయన 1726లో ఆ ఏటి మీద వంతెన కట్టించాడు. అదే మర్మలాంగ్ వంతెన. ముప్పైవేల వరహాలు పోశాడంటారు. కొండకు మెట్లూ కట్టించాడు. అంతటితో ఊరుకోలేదు, తాను పోయాక కూడా వంతెన బాగోగులు చూడటానికి విడిగా సొమ్ము పెట్టాడు. కట్టడం డబ్బున్నవాడు ఎవడైనా చేస్తాడు. పోయాక మరమ్మతు ఎట్లా అని ఆలోచించేవాడు అరుదు. మేస్త్రీ కొడుకుగా చెబుతున్నాను, అది పెద్ద మనసు.

1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకున్నప్పుడు, తమ పక్షానికి వస్తే ఆస్తి జోలికి రామన్నారు. ఆయన ఒప్పుకోలేదు, ఆస్తి పోగొట్టుకున్నాడు. 1751లో మద్రాసులోనే కన్నుమూశాడు. వేపేరిలో సమాధి ఉంది. గుండెను మాత్రం పెట్టెలో పెట్టి పుట్టిన ఊరు జుల్ఫాకు పంపారు, ఆయన కోరిక అదట. దేహం ఇక్కడ, గుండె అక్కడ. నాకు ఈ సంగతి చదివిన రోజు నిద్ర పట్టలేదు.

మేం సైదాపేటలో దిగి ఆ వంతెన మీద కూడా నడిచాం, మర్నాడు. దాన్ని 1966లో తీసేసి కొత్తది కట్టారు. పాత శిలాఫలకం మాత్రం మిగిల్చారు. నువ్వు అటు పోతే చూడు.

సరే, కొండ మీదికి రండి. మా నాయనమ్మ ఒక్కో మెట్టుకీ వంగి చేత్తో తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుని ఎక్కింది. నాన్న ఒక మెట్టు ఎక్కి కర్ర ఊని ఆగేవాడు. నేను పైకి పరుగెత్తి, మళ్ళీ కిందికి దిగి, మళ్ళీ ఎక్కి. వాళ్ళిద్దరూ ఒకసారి ఎక్కేలోగా నేను మూడుసార్లు ఎక్కుంటాను.

గుడి చిన్నది. మన ఫిరంగిపురం బాలయేసు గుడంత గొప్పది ఉంటుందనుకున్నాను నేను. తెల్లగా సున్నం వేసిన, పది వరసలు బల్లలు పట్టే గుడి. ఎదురుచూపుల మాత గుడి అంటారు దాన్ని. నిండు చూలాలు మరియమ్మ, కాన్పు కోసం ఎదురుచూస్తున్న తల్లి. ఆమె పండగ డిసెంబరు 18, క్రిస్మస్ వారం రోజులుందనగా. ఆ రోజుకే మేం పోయింది. 1523లో పోర్చుగీసు వాళ్ళు కట్టారని చెబుతారు. అంటే ఎవరి కాలం, చిన్నోడా? కృష్ణదేవరాయలవారిది! ఆ కొండా ఆ తీరమూ అప్పుడు విజయనగరం ఏలుబడి. రాయలవారి రాజ్యంలో లేచిన గుడి అది. తరువాత 1559లో అళియ రామరాయలు సైన్యంతో ఆ తీరంలోనే ఉన్న మైలాపూరు మీదికి వచ్చి, ఊరి పెద్దలను పట్టుకుపోయి, డబ్బు కట్టించుకుని వదిలాడు. అదీ మనవాళ్ళ చరిత్రే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచకూడదు.

ఇక అసలు సంగతి. 1547లో ఆ కొండ మీద కట్టుబడి కోసం తవ్వుతుంటే ఒక రాతి సిలువ దొరికింది. ఇప్పటికీ పీఠం పైన గోడలో ఉంది. నల్లరాతి పలక, దాని మీద ఉబ్బెత్తుగా చెక్కిన సిలువ. మామూలు సిలువ కాదు. నాలుగు కొసలూ మొగ్గల్లా ఉంటాయి. పైనుంచి పావురం దిగుతుంటుంది. కింద తామర రేకుల్లాంటివి. రెండు పక్కలా రెండు స్తంభాలు, వాటి మీద మకరాలు, ఆ మకరాల నోళ్ళలోంచి తోరణం. మన గుళ్ళలో మకరతోరణం ఉండదూ, అచ్చం అదే! మా నాన్న చూడగానే అన్నాడు, "ఇది మనవాడి చెయ్యే" అని. శిల్పం చెక్కిన ఉలి మన దక్షిణాదిదే అయి ఉంటుందని నాకూ అనిపిస్తుంది. ఆ తోరణం చుట్టూ అక్షరాలున్నాయి. అవి మాత్రం మనవి కావు.

ఆ అక్షరాలు మూడొందల ఏళ్ళు ఎవరికీ కొరుకుడు పడలేదు. పోర్చుగీసు వాళ్ళు ఒక పండితుణ్ణి పిలిపించి చదివిస్తే ఆయన తోమాసు గారి కథంతా అందులోంచి చెప్పాడట. అది నిలవలేదు. 1873లో బర్నెల్ అనే దొర, ఇది పహ్లవీ లిపి, పాత పారసీకం అని చదివి ప్రకటించాడు. అక్షరాల పోలికను బట్టి ఆరు నుంచి ఎనిమిది శతాబ్దాల నాటిదై ఉంటుందన్నారు. అప్పటికి ఇక్కడ ఇంగ్లీషువాళ్ళు లేరు, పోర్చుగీసువాళ్ళు లేరు, మద్రాసు లేదు. పారసీక దేశపు క్రైస్తవులు ఓడల్లో వచ్చి మిరియాలు కొనుక్కుపోయే కాలం. ఇట్లాంటి సిలువలే కేరళలో కొట్టాయంలో, కడమట్టంలో, ముట్టుచిరలో ఉన్నాయి. అదే మాట అన్నిటి మీదా చెక్కి ఉంది.

ఏం రాసుంది అంటారా? ఒక్కొక్కరు ఒక్కోలా చదివారు. 1970లో ఒక జర్మన్ పండితుడు చదివిన చదువు ఎక్కువమంది ఒప్పుకున్నారు. దాని ప్రకారం అందులో దేవుడి గొప్పా లేదు, రాజు బిరుదులూ లేవు. సబ్రీషో అనే ఒక మనిషి, చహర్‌బొఖ్త్ కొడుకు, ఈ సిలువను తెచ్చిన తన మీద దయ చూపమని ప్రభువును వేడుకుంటున్నాడు. అంతే. సముద్రం దాటి ఇంత దూరం వచ్చినవాడు, తండ్రి పేరు చెప్పుకుని, దయ చూపు తండ్రీ అని అడిగాడు. మా నాయనమ్మ అదే రాతి ముందు మోకాళ్ళ మీద కూలబడి, "ఫలానావాడి తల్లిని, దయ చూడు" అని తెలుగులో అడిగింది. ఆమె తలెత్తి చూసిన రాతి మీద ఆ అర్థమే ఉందని ఆమెకెట్లా తెలుస్తుంది? ఆమె పోయిన ఎన్నో ఏళ్ళకు నేను ఆ సంగతి చదివాను. చదివి పుస్తకం మూసి బయటికొచ్చి, లైబ్రరీ మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ సిలువకు నెత్తురు చెమట పట్టేదని కూడా చెబుతారు. 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుంటే, నలుగురి కళ్ళెదుటా, రాయి రంగు మారి తడి దిగిందట. జనం గుడ్డలతో అద్దుకున్నారట. తరువాత చాలాసార్లు అట్లా జరిగిందనీ, 1704 తరువాత మళ్ళీ కనబడలేదనీ రాసి పెట్టారు. నేను చూసిన రోజున రాయి పొడిగానే ఉంది. దాని మీద మరకల్లాంటివి కనిపించాయి. నాయనమ్మ మాత్రం తన కళ్ళ నీళ్ళలో చూసింది కాబట్టి, తడిగానే ఉందంది. నేను కాదనలేదు.

పీఠానికి ఒక పక్కన మరియమ్మ పటం ఉంటుంది, బిడ్డనెత్తుకున్నది. లూకా గారు చేత్తో వేసిందనీ, తోమాసు గారు వెంట తెచ్చుకున్నారనీ నమ్మకం. బాగా పాత పటం. దాని ముందు ఆడవాళ్ళు కదిలేవాళ్ళు కాదు.

చలేస్తోందా? ఆ దుప్పటి కప్పుకోండి. ఇక మార్కోపోలో మాట చెప్పి ముగిస్తా. ఆయన వెనిసు వాడు, చీనా నుంచి ఇంటికి పోతూ 1290ల్లో మన తీరం గురించి రాశాడు. మన మోటుపల్లి రేవు గురించి రాశాడు తెలుసా, చీరాల అవతల. అక్కడి వజ్రాల గురించి, సాలెపురుగు గూడంత సన్నటి బట్టల గురించి, న్యాయంగా ఏలిన రాణి గురించి. ఆ రాణి మన రుద్రమదేవే. ఆ పుస్తకంలోనే, అదే చోట, మైలాపూరులోని తోమాసు గారి సమాధి గురించి కూడా ఉంది. ఊరు చిన్నది, వర్తకులు పెద్దగా రారు, కానీ క్రైస్తవులూ ముస్లిములూ యాత్రకు వస్తారు అని రాశాడు. ముస్లిములు కూడా ఆయన్ని పుణ్యపురుషుడిగా కొలిచేవాళ్ళట.

ఆయన విన్న మరణం కథ ఇంకో రకం. బల్లెం కాదు. తోమాసు గారు అడవిలో తన కుటీరం బయట ప్రార్థన చేసుకుంటున్నారు, చుట్టూ నెమళ్ళు మూగి ఉన్నాయి. ఒక వేటగాడు నెమలికి గురిపెట్టి బాణం వేశాడు, నెమళ్ళ మధ్య మనిషి ఉన్నాడని చూసుకోలేదు. అది ఈయన కుడి డొక్కలో దిగింది. మైలాపూరంటే నెమళ్ళ ఊరే కదా, మయిల్ అంటే అరవంలో నెమలి. నాకు ఈ కథే ఎక్కువ నచ్చుతుంది. ఇందులో ఎవడూ దుర్మార్గుడు కాడు. ప్రభువు గాయంలో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్న మనిషి కదా తోమాసు. చివరికి అదే చోట, పక్కటెముకల కింద, ఆయనకూ గాయమైంది.

మార్కోపోలో తరువాత రెండొందల ఏళ్ళకు బర్బోసా అనే పోర్చుగీసు ఆయన రాసేనాటికి మైలాపూరు గుడి పాడుబడి ఉంది. క్రైస్తవులు దాదాపు లేరు. ఒక ముస్లిం మాత్రం దారిన పోయేవాళ్ళను అడుక్కుని, ఆ డబ్బుతో నూనె పోసి సమాధి దగ్గర దీపం వెలిగిస్తున్నాడట. ఆయన పేరు ఎవరూ రాసుకోలేదు. సబ్రీషో పేరు రాతి మీద ఉంది, ఉస్కాన్ పేరు వంతెన మీద ఉంది. దీపం పెట్టిన మనిషికి పేరు లేదు. నేను జపమాల చెప్పుకునేటప్పుడు చివర ఒక పరలోక జపం ఆయన కోసం చెబుతాను. మీ నాయనమ్మ బతికున్నప్పుడు, ఎవరికయ్యా అది అని అడిగేది. దీపం ఆయనకి అనేవాణ్ణి.

అన్నట్టు, ఆ పరంగిమల దగ్గర నుంచే 1802లో లాంబ్టన్ దొర గొలుసు పట్టి భూమిని కొలవడం మొదలుపెట్టాడు, అది తెలుసా? పరంగిమల నుంచి పెరుంబాక్కం దాకా ఏడున్నర మైళ్ళ గీత, వంద అడుగుల ఉక్కు గొలుసుతో. ఏప్రిల్ ఎండల్లో. ఆ కొలతలే మన గుత్తి మీదుగా ఉత్తరానికి పాకి, చివరికి హిమాలయాల ఎత్తు తేల్చాయి. మీ తమ్ముడు సివిల్ ఇంజినీరింగు చదివాడు కాబట్టి ఇది చెబుతున్నాను. కొలిచేవాళ్ళకు కూడా అది పుణ్యస్థలమే.

మార్కోపోలో రాసిన ఇంకో ముక్క మిగిలింది. యాత్రికులు తోమాసు గారు ప్రాణం విడిచిన చోటు మన్ను తీసుకుపోతారట. ఎర్రమన్ను. జ్వరం వచ్చినవాళ్ళకు నీళ్ళలో కలిపి తాగిస్తారట. ఈ మాట చదివినప్పుడు నా చేతులు వణికాయి. ఎందుకంటే ఆ రోజు పూజ అయ్యాక, మా నాయనమ్మ గుడి వెనక్కి పోయి, గోడవార కూర్చుని, గోళ్ళతో గీకి గుప్పెడు ఎర్రమన్ను కొంగున ముడి వేసుకుంది. ఎందుకే అంటే, "మా అమ్మ చెప్పింది, ఆ కొండకు పోతే మన్ను తెచ్చుకోవాలని" అంది. వాళ్ళమ్మకు ఎవరు చెప్పారు? ఆమెకు చదువు లేదు. ఏడొందల ఏళ్ళ నాటి అలవాటు ఎవరి నోటి నుంచి ఎవరి చెవిలో పడి, ఈ పల్నాటి పొలాల దాకా వచ్చిందో నాకు అంతుబట్టదు. వెనిసు వాడు పుస్తకంలో రాశాడు. మా నాయనమ్మ కొంగులో దాచింది.

ఆ మన్ను మందుగా ఎవరూ తాగలేదు. జ్వరమొస్తే ఆస్పత్రికే పోయాం. మా నాన్న కాలు ఒక పక్కకే ఉండిపోయింది, కానీ ఆర్నెల్లకు మళ్ళీ తాపీ పట్టాడు. మొదట కట్టింది ఈ ఇల్లే. పునాది తీసిన రోజు నాయనమ్మ కొంగు విప్పి మన్ను ఆయన చేతిలో పోసింది. ఆయన దాన్ని సున్నంలో కలిపి, అదిగో, ఆ తులసి మొక్క పక్క మూల, మొదటి రాయి కింద పరిచాడు. మా నాన్న ఎప్పుడూ గట్టిగా దేవుడి మాట ఎత్తేవాడు కాదు. ఆ రోజు మాత్రం రాయి పెట్టే ముందు తూకపుగుండును ముద్దు పెట్టుకున్నాడు. నేను నీళ్ళ తొట్టి దగ్గర నిలబడి చూశాను.

అమ్మాయ్, నువ్వు జనవరి రెండున పోతావుగా. ఒక ఆదివారం పెందలాడే లే. మెట్రో దిగి ఆటోలో పైదాకా పోవచ్చంటారు, రోడ్డుంది. వద్దు, మెట్ల మీద ఎక్కు. దారి పొడవునా సిలువ మార్గం ఘట్టాలున్నాయట ఇప్పుడు. పైకి పోయాక ఒక పక్కన విమానాలు దిగడం కనిపిస్తుంది, ఇంకో పక్క ఊరంతా. గుళ్ళో కాసేపు కూర్చో. ఆ రాతి మీద మకరాలు చూడు. అక్షరాలు చూడు.

సంక్రాంతి వెళ్ళాక మీ తమ్ముడు నరసరావుపేటలో ఇంటికి పునాది తీస్తాడు. ఒక చిన్న డబ్బా పట్టుకుపో. గుడి వెనక గోడవార మన్ను ఇంకా అదే రంగులో ఉందో లేదో చూసి, స్వాములను అడిగి, గుప్పెడు తీసుకురా.